జింకను కొట్టానని చెప్పాను

కెనడాలోని సస్కటూన్‌లో వేట సామాన్ల షాపులో నా పార్ట్‌టైమ్. ఈ రోజు కొత్త డిజైన్ బాణం ములుకులు వచ్చాయి, తగలగానే బ్లేడ్లు విచ్చుకునే రకం. ఫోమ్ దిమ్మ మీద వేసి చూశాం. సూటిగా దిగాయి.

సాయంత్రం ఒక తెలుగు అన్న వచ్చాడు. "తమ్ముడూ, వీటితో జింకను కొట్టినవా?"

"కొట్టా అన్నా. అక్కడికక్కడే పడిపోయింది."

ఇంటర్వ్యూల్లో లేని ఎక్స్‌పీరియెన్స్ చెప్పీ చెప్పీ నోటికి అలవాటైపోయింది. నేను జింకను చూసింది బస్సు కిటికీలోంచే.

"అయితే ఇవే ఇయ్యి. పోయినేడు నా బాణం తగిలిన జింక గాయంతోనే ఉరికింది. చీకటి పడేదాకా వెతికినా దొరకలే. మళ్లా అట్ల కావద్దు."

బిల్లు కొట్టి ఇచ్చేశాను.

రేపు పొద్దున్నే వేటకు వెళ్తాడట. ఆయన నంబరు బిల్లులో ఉంది. సిగ్గుతో ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. మొదటి మాట ఏమనాలో ఎవరైనా చెప్పండి.