ఓజెల్ మావయ్య వీపు

మా ఓజెల్ మావయ్య ముఖం కన్నా వీపే నాకు బాగా తెలుసు. శనివారం వచ్చిందంటే రైలుకట్ట పక్కన సారాపాకలో గిటారు పట్టుకుని కూర్చునేవాడు. అన్ని పాటలూ జనానికి ఎదురుగానే వాయించేవాడు. ఒక్క పాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం కుర్చీ గోడవైపు తిప్పేసేవాడు. ఆ పాటకి తీగలు సవరించుకునే శ్రుతి ఎవరైనా దొంగిలిస్తారని భయం. మా మిసిసిపీ డెల్టాలో పాతకాలపు బ్లూస్ పాటగాళ్ళందరికీ ఉన్న జబ్బే అది.

దొంగిలిస్తారట! ఆ పాట కట్టింది మా అమ్మ, ఈయన చెల్లెలు. అన్నకి నేర్పింది, నాకు నేర్పేలోపే పోయింది. ఇక దొంగ ఎవరో మీరే చెప్పండి.

"మావయ్యా, మా అమ్మ పాట నాకు నేర్పవూ?"

"నీ వేళ్ళకి అంత సీను లేదులేవే. పో, చేపలు మాడిపోతున్నాయేమో చూడు."

ఒళ్ళు మండిపోయేది. ఆ కసితోనే కనబడినవాళ్ళందరి దగ్గరా నేర్చుకున్నాను. సీసామెడ ముక్క వేలికి తొడుక్కుని తీగ మీద జారించడం ముసలి హోసియా చూపించాడు. తీగను పక్కకి తోసి ఏడిపించడం జాక్సన్ ఊరి రాక్ బృందం వాళ్ళు నేర్పారు. బొటనవేలు లావు తీగల్ని దంచుతుంటే మిగతా వేళ్ళతో సన్నతీగలు మీటడం మెంఫిస్ నుంచి వచ్చి రాకబిల్లీ అనే గెంతుపాటలు వాయించే డ్యూయీ దగ్గర పట్టాను. డ్యూయీ తెల్లవాడు, ముక్కూ మొహం తెలియనివాడు. అడగ్గానే వేళ్ళు చూపించాడు. సొంత మేనమామేమో వీపు చూపించాడు.

కిందటి చలికాలం మావయ్యకి పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి పడిపోయింది. జాలిపడాలి కదా? నాకు ముందు కోపమే వచ్చింది. ఆ చేతితో పాటు అమ్మ పాట కూడా పోతోంది.

మొన్న శనివారం గిటారు నేనే పట్టుకున్నాను. మావయ్య ముందు వరసలో కూర్చున్నాడు. చెవికి అందినంత మేర అమ్మ పాట ఎత్తుకున్నాను. రెండో చరణానికే తేలిపోయింది, ఎక్కడో తేడా కొడుతోంది. జనం ఊగడం మానేశారు. మావయ్య తల అడ్డంగా ఊపాడు.

"ఊపు, బాగా ఊపు!" అని అందరి ముందూ అరిచేశాను. "పోయేటప్పుడు నీ శవపెట్టెలో పెట్టుకుపో ఆ శ్రుతి! అది మా అమ్మదయ్యా, నీ అబ్బసొత్తు కాదు!"

మావయ్య కర్ర ఊనుకుంటూ వచ్చాడు. కుడిచేత్తో మూడో తీగ బిరడా రవ్వంత వదులు చేశాడు.

"ఎవరికీ చూపించొద్దని ఒట్టేయించుకుందే మీ అమ్మ. ఎవరికీ అంటే నువ్వు కూడా అనుకున్నా."

"నేను పరాయిదాన్నా మావయ్యా?"

మావయ్య జనం వైపు తిరిగి, నా వేళ్ళు వాళ్ళకి కనబడకుండా అడ్డంగా నిలబడ్డాడు.

"ఇంక కానీ. ఎవడూ చూడ్డు."

మీటాను. అమ్మ నోట విన్నట్టే పలికింది. ఏడుపొచ్చింది. కోపం మాత్రం పోలేదు. ఇన్నేళ్ళు, 'ఎవరికీ' అన్న ఒక్క మాట ఆయనకి అర్థం కాక! పాట అయ్యేదాకా ఆ వీపునే కొరకొరా చూస్తూ వాయించాను.