గజ్జి మందూ, ముద్ద పెట్టే చెయ్యీ

మా ఇంట్లో గజ్జి దిగిన ఏడు ఉదయగిరిలో సగం ఊరు గోక్కుంటూ తిరిగిందని నేను చాలామందితో చెప్పాను. అది నిజం కాదు. గోక్కున్నది మా ఇల్లొక్కటే. ఇంట్లోనూ మొదట మా కొడుకు కూతురు ఒక్కతే. రెండో తరగతి చదివే పిల్ల. వేళ్ల సందుల్లో, మణికట్ల దగ్గర, బొడ్డు చుట్టూ ఎర్రటి పొక్కులు. పొద్దుగూకితే చాలు, బరబరా గీరుకునేది.

ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి సంచీ మూలకు విసిరికొట్టింది.

"నన్ను వెనకాల ఒంటిగా కూర్చోబెట్టినారు తాతా. మా ఫ్రెండు నా చెయ్యి పట్టుకోకూడదంట."

ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. సయించలేదన్నమాటే గానీ తిన్నాను, ఆ రోజు సోమశిల చేపల పులుసు. కానీ పిల్ల మళ్లీ దాని ఫ్రెండు పక్కన కూర్చునేదాకా నాకు ఇంకో ధ్యాస లేదన్నది మాత్రం నిజం.

ముందు దొంగను పట్టాలనుకున్నాను. ఈ రోగాన్ని ఇంట్లోకి తెచ్చిందెవరు? నా అనుమానం నేరుగా జలదంకి మీదికి పోయింది. అది మా కోడలి పుట్టిల్లు. కిందటి నెల పెళ్లికని తల్లీ బిడ్డా పోయి వచ్చారు.

"అక్కడ ఎవరి దుప్పట్లో పడుకోబెట్టినావమ్మా బిడ్డని?" అని అడిగాను, ఏమీ ఎరగనట్టు.

"మా అమ్మ ఉతికి ఆరేసిన దుప్పట్లే మామా. మీ భుజం మీద తువ్వాలు ఉతికి ఎన్నాళ్లయిందో, ముందు అది చెప్పండి."

జలదంకి తర్వాత మా మేకపిల్లను అనుమానించాను. అదీ పొద్దస్తమానం గోడకు ఒళ్లు రాసుకుంటుంది. రెండు రోజులు దాని వెనకాలే తిరిగాను. మేకలన్నీ రాసుకుంటాయని నాకూ తెలుసు.

ఈలోపు టీకొట్టు దగ్గర ఒకాయన నాకు ఒక ఉపాయం చెప్పాడు. మిరపచేలో కొట్టే పురుగుమందు రెండు చుక్కలు కొబ్బరినూనెలో కలిపి పూస్తే గజ్జి మాయమవుతుందట, తలకు పట్టిస్తే పేలు కూడా రాలిపోతాయట. నాకు నచ్చింది. పచ్చపురుగును చంపేది ఈ కంటికి కనపడని పురుగును చంపదా? కొట్టంలో పడున్న డబ్బా తీసి మూత తిప్పుతుండగా మా ఆవిడ చూసింది.

"ఏంది చేతిలో?"

"మందు."

"చేలో కొట్టేటప్పుడు ముక్కుకూ మూతికీ గుడ్డ చుట్టుకుంటావే, అది పసిబిడ్డ ఒంటికి పూస్తావా? నీకేమన్నా మతి ఉండాదా? పెట్టు కింద!"

పెట్టేశాను. ఆ తర్వాత ఆ డబ్బా మళ్లీ నా కంట పడలేదు.

మరునాడు పిల్లా నేనూ ఆత్మకూరు బస్సెక్కాం. అక్కడ చర్మం డాక్టరమ్మ పిల్ల చేతులు వెలుతురులో తిప్పి చూసి గజ్జేనంది. ట్యూబులు తీసి ఇచ్చింది, ఒకటి కాదు, ఇంటిల్లిపాదికీ. నా చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"గోక్కునేది ఒక్క పిల్లే గదమ్మా. ఇన్ని ట్యూబులెందుకు?"

"మీకు దురద లేకపోయినా పురుగు ఉండొచ్చు పెద్దాయనా. అందరూ ఒకే రోజు పూసుకోకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతానే ఉంటుంది."

ఆ తర్వాత ఆమెతో ఇంగ్లీషులో వాదించానని ఊళ్లో చెప్పుకున్నాను. వాదించలేదు. ఆమె ఇంకా చెబుతుంటే నేను ట్యూబు మీద తేదీ వెతుకుతూ కూర్చున్నాను, పాతసరుకేమోనని.

ఆ సాయంత్రం మా వాడు ట్రాక్టరు పని నుంచి రాగానే అందరం పూసుకున్నాం. మెడ కింది నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద, వేళ్ల సందుల్లో. నా వయసు వాళ్లకు తలకూ చెవుల వెనకా కూడా రాయాలని డాక్టరమ్మ అందని నేను నోరు జారితే, మా ఆవిడ నా బట్టతలకు అర ట్యూబు పట్టించింది. అర ట్యూబు కాదులెండి, వేలి మీద కొంచెం. ఎవరూ తప్పించుకోకుండా నేనే గడప దగ్గర కాపలా కూర్చున్నాను. ఆ తర్వాత అన్నాలు తిన్నాం. పిల్లకు ఎప్పటిలాగే నేనే ముద్దలు కలిపి పెట్టాను. నా చేతి ముద్దయితేనే అది నోరు తెరుస్తుంది. పొద్దున్నే స్నానాలు చేసి, దుప్పట్లన్నీ మరిగే నీళ్లలో వేసి ఎండకు ఆరేశాం. వారం తర్వాత మళ్లీ అట్లాగే.

పురుగు చచ్చాక కూడా కొన్నాళ్లు దురద ఉంటుందనీ, కంగారుపడి మందు మీద మందు పూయొద్దనీ, కొత్త పొక్కులు వస్తే మాత్రం రమ్మనీ డాక్టరమ్మ చెప్పింది. కొత్తవి వచ్చాయి. పిల్ల వేళ్ల సందుల్లోనే. నా వేళ్ల సందుల్లోనూ రెండు కనిపించాయి. అవి దోమలు కుట్టినవని నాకు నేనే చెప్పుకున్నాను.

మందు నకిలీదని తేల్చేశాను. కాకపోతే ఎవరో పూసుకున్నట్టు నటించారు. మా వాడి వీపు మీద నా అనుమానం, కోడలికి నా మీద. ఖాళీ ట్యూబులన్నీ సంచీలో వేసుకుని, మా ఆవిడనూ పిల్లనూ వెంటబెట్టుకుని ఆత్మకూరుకు పోయాను.

డాక్టరమ్మ పిల్ల చేతులు చూసింది. అడక్కుండానే నా చేతులూ లాగి చూసింది.

"ఆ రోజు అన్నం ఎప్పుడు తిన్నారు?"

"మందు గురించి వస్తే అన్నం గురించి అడుగుతారేందమ్మా?"

"పూసుకోక ముందా, తర్వాతా?"

"తర్వాతే," అంది మా ఆవిడ.

"తినబోయే ముందు చేతులు కడుక్కున్నారా?"

"సబ్బు పెట్టి. మందు చేతుల్తో ఎట్ట తింటాం?"

"కడిగినాక చేతులకు మళ్లీ పూసుకున్నారా?"

ఎవరమూ పూసుకోలేదు. ఒళ్లంతా మందు పట్టించి, పురుగు ఇష్టపడే వేళ్ల సందులను మాత్రం కడిగి దానికి అప్పజెప్పాం. ఆ వేళ్లతోనే నేను పిల్లకు ముద్దలు పెట్టాను, మూతి తుడిచాను, చెయ్యి పట్టుకుని నిద్రపుచ్చాను.

"పోయినసారే చెప్పినాను పెద్దాయనా, చేతులు కడిగితే మళ్లీ రాసుకోవాలని. మీరు ట్యూబు మీద తేదీ చదువుకుంటా ఉన్నారు."

మా ఆవిడ నా వైపు తిరిగింది. ఈ కిటుకు నేనే కనిపెట్టానని తర్వాత టీకొట్టులో చెప్పాను గానీ, కనిపెట్టింది ఎవరో మీకిప్పుడు తెలుసు.

ఆ రోజు ఎండ ఉండగానే అన్నాలు తిని, ఆ తర్వాతే కొత్త ట్యూబుల మందు పూసుకున్నాం. కోడలు అన్నిటికంటే ముందు నా తువ్వాలును మరిగే నీళ్లలో ముంచింది, ఎంతో ఇష్టంగా. పిల్ల బస్సు బడలికతో తినకుండానే పడుకుంది. నిద్రలోనే దానికి మందు రాసి, చేతులు నోట్లో పెట్టుకోకుండా సాక్సులు తొడిగారు. కాసేపటికి లేచి ఆకలంది.

"తాత పెడితేనే తింటా."

నేను లేచాను.

"చెయ్యి కడిగినావంటే చూడు!" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

అప్పుడు షోకేసు గుర్తొచ్చింది. మా ఊరి చెక్క చెంచాలకు ఎంత పేరున్నా, మా ఇంట్లో అవి అద్దం వెనక నిలబెట్టడానికే, ఇంటికొచ్చిన చుట్టాలకు ఇవ్వడానికే. అన్నం తగిలిన చెంచా ఒక్కటీ లేదు. ఒకదాన్ని కోడలు కడిగి, దాంతోనే పప్పన్నం కలిపి గిన్నె నా ముందు పెట్టి, తన చేతులకు మళ్లీ మందు రాసుకుంది. నేను కాడ పట్టుకుని పిల్ల నోటికి అందించాను. అది అనుమానంగా వాసన చూసింది.

"ఇది ముద్ద కాదు."

"ముద్దే. చెయ్యి మారిందంతే."

"నీ చెయ్యి దొంగా తాతా?"

"దొంగేనమ్మా."

"నాది గూడా?"

"నీదాన్ని సాక్సులో వేసి జైల్లో పెట్టినాం గదా."

నవ్వి నోరు తెరిచింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా మా ఆవిడ నా చేతుల మీంచి కళ్లు తియ్యలేదు.

వారం తర్వాత రెండోసారీ అదే వరస. కొత్త పొక్కులు రాలేదు. దురద ఇంకొన్నాళ్లు పీడించి పోయింది. నా దోమకాట్లు కూడా పోయాయి.

పిల్లను ముందు వరసలోకి మార్చారని తెలిసి, నమ్మకం లేక బడికి పోయి కిటికీలోంచి చూశాను. ఫ్రెండు పక్కనే కూర్చునుంది, చేతిలో చెయ్యి వేసుకుని, తలకు తల ఆనించి. చూస్తుండగానే ఆ ఫ్రెండు తల గోక్కుంది.

చేతులు విడదీయమని అనడానికి నోరు రాలేదు. ఇంటికొచ్చి పేలదువ్వెన వెతుకుతుంటే, ఏమైందని మా ఆవిడ అడిగింది. ఆ పిల్ల రెండు చేతుల్తో బరబరా గోక్కుందని చెప్పాను. ఒక్క చేత్తోనే. అదీ జడ సర్దుకుందేమో.