గడప దాటని బంగారం

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది చలికాలంలో ఒక పొద్దున్న దుకాణంలో జీలకర్ర పొట్లం కడుతున్నాను. పురికొస చుట్టి ముడి వెయ్యబోతే వేళ్ళు వంగలేదు. జీలకర్ర కాస్తా బల్ల మీద ఒలికింది. ఎదురుగా నిలబడ్డ నెల్లిమర్ల బేరగాడు, "ఏటి సెట్టిగారూ, మీ సేతులింకా నిద్ర లెగనేదేటి?" అన్నాడు. నేనూ నవ్వాను గాని, ఒలికిన జీలకర్ర ఎత్తడానికీ వేళ్ళు రాలేదు. విజయనగరంలో మాది కిరాణా దుకాణం. పొట్లం కట్టలేని శెట్టి ఎవడిక్కావాలి?

నెల తిరిగేసరికి వేళ్ళ కణుపులు ఉబ్బి, అన్నం కలుపుకోవడమూ కష్టమైంది. మా డాక్టరుగారు చేతులు నొక్కి చూసి, "ఇది రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. కీళ్ళలో ఇన్‌ఫ్లమేషన్, అంటే వాపు" అన్నారు. ముందు శాలిసిలేట్ మిక్చర్ ఇచ్చారు. నొప్పి తగ్గింది గాని చెవుల్లో ఒకటే హోరు. నేను దుకాణంలో మాట్లాడితే వీధి చివరికి వినిపించేదట. ధర చెబుతున్నానో, దెబ్బలాడుతున్నానో తెలియక కొందరు గుమ్మంలోంచే తిరిగిపోయారు.

"ఇంకో దారి ఉంది. గోల్డ్ ఇంజెక్షన్. వారానికొకటి. గుణం మెల్లిగా కనిపిస్తుంది. కిడ్నీలు దెబ్బతినొచ్చు, అందుకని ప్రతిసారీ ముందు యూరిన్ చూడాలి. ఏది కావాలో ఆలోచించుకోండి" అన్నారు డాక్టరుగారు.

మా ఇంట్లో ఆలోచించేది మా అమ్మ. "నిజం బంగారమేనా బాబూ?" అని ఆయన్నే అడిగింది. ఔనన్నారు. "అయితే శుక్రోరం మొదలెట్టండి. ఆరోజు బంగారం ఇంటికొస్తే నచ్చిమి వచ్చినట్టే" అంది. ఆయన నవ్వి, "వచ్చినదంతా ఉండదమ్మా, కొంత మూత్రంలో పోతుంది" అన్నారు. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

శుక్రవారం పొద్దున్నే నేను పెరట్లో సీసా నింపి పెట్టేవాణ్ణి. బయల్దేరేటప్పుడు అమ్మ దాన్ని గుడ్డలో చుట్టి చేతికిచ్చేది. డాక్టరుగారు టెస్ట్ ట్యూబులో పోసి కాచి, "ఆల్బుమిన్ లేదు. కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయి" అని సూది పొడిచేవారు. రెండు నెలలు దాటాక వేళ్ళు వంగడం మొదలెట్టాయి. పొట్లం కట్టి, పక్క దుకాణానికి కూడా పట్టుకెళ్ళి చూపించి వచ్చాను.

ఆ తరవాత కళ్ళ కింద ఉబ్బింది. కాళ్ళకు నీరు పట్టింది. "బాగా ఒళ్ళు సేసినావురా" అని అమ్మ మురిసిపోయింది. నా భార్య మాత్రం, "నాకేటో భయంగా ఉన్నాదండీ, నేనూ వస్తాను" అని మా అమ్మతో సహా నా వెంట బయల్దేరింది.

డాక్టరుగారు సీసాలోది కాచారు. తేటగా ఉంది. నా మొహం చూశారు, మళ్ళీ సీసా చూశారు. "వెనక గదిలోకెళ్ళి ఇప్పుడే పోసి తెండి" అన్నారు. అది కాచేసరికి గుడ్డు తెల్లసొనలా గడ్డకట్టింది, అంతా ఆల్బుమినే. "మరి ఆ సీసాలోది ఎవరిది?" అన్నారు.

"నాదే బాబూ" అంది అమ్మ. "శుక్రోరం పూట బంగారాన్ని గడప దాటనిస్తామేటి? ఈడిది తులసి కోటకి దూరంగా అరటిమొక్కకి పోసి, నాది పెట్టినాను. ఒకే ఇంటి సరుకు, ఏ బస్తాలో మచ్చు తీస్తే ఏటి?"

"ఈయనే గడప దాటతన్నారు కదత్తా" అంది నా భార్య.

"మనిషి తిరిగొస్తాడు. సీసా తిరిగొస్తాదేటి?"

డాక్టరుగారు నవ్వలేదు. "ఇంకో రెండు ఇంజెక్షన్లు పడితే మనిషీ తిరిగొచ్చేవాడు కాదమ్మా" అన్నారు. అమ్మ అక్కడే నేల మీద కూలబడింది. కోపం నాకు ఎంత రావాలో అంతా వచ్చింది. కాని ఆవిడ నా కాళ్ళ వాపు మీద చెయ్యేసి ఏడుస్తుంటే, రెక్క పట్టుకుని లేవదీశాను.

బంగారం ఆపేశారు. చాన్నాళ్ళు ఉప్పులేని కూడు తిన్నాను. అమ్మ కూడా నాతోపాటు చప్పిడే తింది, వద్దన్నా వినలేదు. వాపు దిగింది, ఆల్బుమిన్ పోయింది. ఇప్పుడు శాలిసిలేటే, తక్కువ మోతాదులో. వేళ్ళు కాస్త వంకరే గాని దుకాణం నడుస్తోంది.

మొన్న డాక్టరుగారు పత్రికలో చదివానంటూ, "అమెరికాలో కార్టిజోన్ అని కొత్తది కనిపెట్టారట. మంచాన పడ్డవాళ్ళు లేచి నడుస్తున్నారట. మనదాకా ఎప్పుడొస్తుందో" అన్నారు. నాకు ఆశ పుట్టింది. ఎంతవుతుందని అడగబోయాను.

అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "అది ఏసుకుంటే ఒంట్లో ఏటేటి సెడతాది బాబూ? ఏది సూసుకుంటా ఉండాలి?" అని అడిగింది.

నాలాంటి రోగులకు నేను చెప్పేదీ అదే. ఏ మందు ఎంచుకున్నా, ముందు ఆ మాట అడగండి. అడిగింది మా అమ్మ కాబట్టి, ఆ జవాబు కోసం డాక్టరుగారు పత్రిక మళ్ళీ మొదటినుంచీ చదివారు.