వెనక సీట్లోంచి వినిపించిన హుంగారా

జనవరిలో ఏజాక్స్ నుంచి విండ్సర్‌కు కారు తీయాలని ఎవరికీ సరదా ఉండదు. కానీ పక్కింటి పంజాబీ పెద్దావిడ విండ్సర్‌లో ఉన్న కూతురి కాన్పుకు వెళ్లాలి. మా అన్విని ఏడాది పిల్లప్పటి నుంచి చూసుకుంటున్నది ఆవిడే. అందరం బీజీ అంటాం. "నేను దింపుతాను బీజీ" అనేశాను. ఏడేళ్ల అన్వి కూడా ఎక్కేసింది. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే ఈ పిల్లకు బీజీ నేర్పిన పంజాబీ మాటల్లో చిరుతిండి మాత్రం ‘చిజ్జీ’, బూచాడు ‘హావూ’, కథ ‘బాత్’. కథ వింటూ కొట్టే ఊ ‘హుంగారా’. హుంగారా ఆగితే కథ ఆగిపోవాలి, అది బీజీ రూలు. పాతకాలపు పిచుక ఆవిడ కథల్లో ఇప్పుడు ట్రక్కు నడుపుతుంది.

ఉదయం ఎనిమిదికి అరవై డాలర్ల గ్యాస్ కొట్టించి హైవే 401 ఎక్కాం. మామూలుగా నాలుగు గంటల దారి. దారిలో వచ్చే ఇక్కడి లండన్ ఊరు దాటాక గాలి లేచి, రోడ్డూ ఆకాశమూ ఒకే తెలుపైపోయాయి. ఆపితే వెనకనుంచి ఎవరో గుద్దేస్తారని భయం, వెళ్తే ఎక్కడికి వెళ్తున్నానో తెలియని భయం.

"అమ్మా, బీజీ సరిగ్గా మాట్లాడట్లేదు. షీ ఈజ్ షేకింగ్" అంది అన్వి.

ఆవిడకు షుగర్. ఇన్సులిన్ వేసుకుని, కారులో కడుపు తిప్పుతుందని ఏమీ తినలేదట. పరాఠాల డబ్బా డిక్కీలో ఉంది. అన్వి తాగుతున్న జ్యూస్ స్ట్రాను దాని చేతే ఆవిడ నోటికి పెట్టించాను. 911కి కాల్ చేస్తే, తర్వాతి ఎగ్జిట్ దగ్గరి గ్యాస్ స్టేషన్‌కు అంబులెన్స్ పంపుతామన్నారు. నేను వెనక్కి తిరిగి చూడలేను.

"బీజీని నిద్రపోనివ్వకు నాన్నా. బాత్ చెప్పు."

"నో అమ్మా! డేటైమ్‌లో బాత్ చెప్తే ట్రావెలర్స్ గెట్ లాస్ట్. బీజీ చెప్పింది."

అన్వి కాసేపు ఆలోచించింది. "బట్ వుయ్ ఆర్ ఆల్రెడీ లాస్ట్, సో ఓకే" అని పిచుక ట్రక్కు స్టార్ట్ చేసింది. "బీజీ, హుంగారా!"

"హూఁ."

పిచుక మంచులో ఇరుక్కుంది. "హుంగారా!"

జవాబు లేదు. అన్వి ఏడుపు గొంతుతో మళ్లీ అరిచింది, "బీజీ, హుంగారా!"

"...హూఁ."

ఆ చిన్న శబ్దాన్ని పట్టుకునే ఎగ్జిట్ దాకా నడిపాను. అంబులెన్స్‌వాళ్లు చూసిన కాసేపటికి బీజీ లేచి కూర్చుంది. "పిచుక ఇంటికి చేరిందా, పుత్త్?" అని అన్వినే అడిగింది. నేను గ్యాస్ స్టేషన్ గోడకు ఆనుకుని ఏడ్చేశాను.

అన్వి నోట బీజీ పదాలు ముద్దుముద్దుగా ఉన్నాయని ఇన్నాళ్లూ నవ్వుకున్నాను, మా తెలుగు స్థానం లాక్కున్నాయని లోలోపల కాస్త కుళ్లుకున్నాను కూడా. చలికాలంలో ఈ దారిన వెళ్లేవాళ్లు జ్యూస్, తిండి డిక్కీలో పెట్టకండి, వెనక సీట్లో చేతికందేలా ఉంచండి. బీజీని కూతురి దగ్గర దింపాక, తిరుగు ప్రయాణంలో వెనక అన్వి ఒక్కతే. చాలాసేపు చప్పుడు లేకపోతే నాకు భయం వేసింది. పేరు పెట్టి పిలవలేదు. "హుంగారా!" అన్నాను.