బలపరిచేదెవరు?

మా మామయ్యకు ఒకటే పిచ్చి: ఎవరో ఒకరు బలపరచందే ఇంట్లో కిటికీ రెక్క కూడా తెరవనివ్వడు.

లిఫ్టులు బాగుచేసే పనిలోంచి రిటైరైన మనిషి హాయిగా కునుకు తీయక, ప్రెస్బిటేరియన్ క్రైస్తవ సంఘాల నాయకత్వం అనే సబ్జెక్టులో ఆన్‌లైన్ పీజీకి చేరాడు. ఆ సంఘాల్లో పాస్టరుగారు ఒక్కరే ఏదీ తేల్చరు. సంఘపెద్దలంతా కూర్చుని, ఒకరు ప్రతిపాదించి, ఇంకొకరు బలపరిచి, చేతులెత్తితేనే పని జరుగుతుంది. ఈ పాఠం మామయ్య తలకెక్కింది. ఎక్కింది మళ్ళీ దిగలేదు.

"నా సూప్‌లో ఇంకాస్త ఉప్పు వేయాలని ప్రతిపాదిస్తున్నాను. బలపరిచేదెవరు?"

"వేసుకో మామయ్యా, ఎవరొద్దన్నారు?" అన్నాను, సాయంగా వాళ్ళింట్లోనే ఉంటున్న నేను.

"అలా కుదరదమ్మా. పద్ధతంటూ ఒకటుంది!"

బలపరచాల్సింది మంచం మీదున్న అత్తయ్య. పక్షవాతం ఆమె మాటను ఎత్తుకుపోయి, ఒక్క చూపుడువేలు మాత్రం దయతలచి వదిలేసింది. వేలు లేస్తే ఆమోదం. లేవకపోతే, "ప్రతిపాదన వీగిపోయింది" అని ప్రకటించి మామయ్య ఆ చప్పిడి సూపే తాగేవాడు. మీసాలు పెంచుకోవాలన్న ఆయన ప్రతిపాదన ఎన్నిసార్లు వచ్చిందో అన్నిసార్లూ వీగిపోయింది.

క్లాసు కూడా ఆ మంచం పక్కనే. మైకు ఆపడం ఆయనకు చేతకాదు. సంఘ పరిపాలన గురించి మాస్టారు గంభీరంగా చెబుతుంటే, మధ్యలో "దుప్పటి మార్చాలని ప్రతిపాదన!" అని వినిపించేది. తోటి విద్యార్థులు పడీపడీ నవ్వేవారు.

అత్తయ్య రోజురోజుకూ క్షీణించింది. గుక్కెడు నీళ్ళు మింగడమే గగనమైంది. ఇక ఎక్కువ రోజులు లేవని డాక్టరు చెప్పేశాడు. అది విని కొడుకూ కోడలూ, అంటే మా బావా అక్కయ్యా, పరుగున వచ్చారు. క్లాసు నడుస్తుండగానే బావ మంచం దగ్గర నిలబడి, తల్లి అక్కడ లేనట్టే మొదలుపెట్టాడు.

"నాన్నా, అమ్మని ఏదైనా రోగుల హోంలో చేర్పిద్దాం. ఈ చాకిరీతో ముందు నువ్వు పోయేలా ఉన్నావు. అమ్మకి ఇప్పుడు ఎక్కడున్నా ఒకటే."

అత్తయ్య చూపు పైకప్పు మీదే ఉంది. వేలు మాత్రం దుప్పటిని గీకుతోంది.

మామయ్య గొంతు సవరించుకున్నాడు. "ప్రతిపాదన వచ్చింది." తలగడ ఎత్తుచేసి, మా ముగ్గురి మొహాలూ కనబడేలా అత్తయ్యను మెల్లగా ఇటు తిప్పాడు. "సభ్యురాలు చూస్తుండగా అడుగుతున్నాను. బలపరిచేదెవరు?"

బావ అక్కయ్య వైపు చూశాడు. అక్కయ్య నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

ల్యాప్‌టాప్‌లోంచి మాస్టారి గొంతు వినిపించింది. "అయ్యా, మీ మైకు ఆన్‌లోనే ఉంది... ఇక్కడ కూడా ఎవరూ బలపరచడం లేదండీ."

"వీగిపోయింది," అన్నాడు మామయ్య. బావ మంచం అంచున కూలబడి తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

చదువు ముదిరి పిచ్చి పట్టిందనుకున్నాం మేమంతా. కానీ నోట మాట పోయిన మనిషిని ఇంటి మాటల్లోంచి కూడా తీసేస్తారని ఆయనకు ముందే తెలుసు. ఆ ఉప్పూ, ఆ మీసాలూ అన్నీ ఆమె వేలికి పని ఉండాలనే. అది అర్థమయ్యాక నాకు ఆయన మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

అత్తయ్య తన మంచం మీదే కన్నుమూసింది. సమాధుల తోట నుంచి రాగానే మామయ్య ల్యాప్‌టాప్ మూసేశాడు.

"ఇక ఈ చదువు మానేయాలని ప్రతిపాదిస్తున్నాను. బలపరిచేదెవరు?"

ఎవరం బలపరచలేదు. ఎందుకైనా మంచిదని చూపుడువేళ్ళు కూడా ముడిచి పెట్టుకున్నాం.

ఆయన రుమాలుతో ముక్కు తుడుచుకుని, ల్యాప్‌టాప్ మళ్ళీ తెరిచాడు.

"వీగిపోయింది," అన్నాడు. "ఎవరైనా టీ ప్రతిపాదించండర్రా."