ట్రయల్ మియా

ఖాజా మియా ఈ లోకంలో ఏ పనినీ మొదటిసారి చేయడు. వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఖిల్లా ఘణపూర్‌లో ఎవరినైనా అడిగి చూడండి. పని ఏదైనా సరే, అసలు రోజుకు ముందే ఒకసారి ఉత్తుత్తిగా చేసి చూసుకుంటాడు. దానికి ఆయన పెట్టుకున్న పేరు ట్రయల్. ఊరు ఆయనకు పెట్టిన పేరు ట్రయల్ మియా. బస్టాండు వెనక సందులో ఆయనకు టెంటు హౌస్ ఉంది. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు కిరాయికి ఇస్తాడు. బోర్డు మీది పేరు చెప్పి దారి అడిగితే ఎవరికీ తెలియదు. ట్రయల్ మియా అంటే చిన్నపిల్లలు కూడా చేయి పట్టుకుని తీసుకుపోతారు.

గద్వాలలో చెల్లెలి ఇంటికి పోవాలనుకోండి. ముందు రోజే భార్య ఖతీజాబీని వెంటబెట్టుకుని, టిఫిన్ డబ్బాతో సహా బస్టాండుకు వెళతాడు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటాడు. డ్రైవరు బండి స్టార్టు చేయగానే దిగిపోతాడు.

"ఏంది మియా, పోతలేవా?" అని కండక్టరు అడిగితే,

"రేపు పోత. సీటు మంచిగనే ఉన్నది," అంటాడు.

వనపర్తిలో పన్ను పీకించుకోవాల్సి వచ్చినప్పుడు కూడా అంతే. ఒక రోజు ముందుగా దవాఖానకు పోయి, కుర్చీలో వెల్లకిలా పడుకుని నోరు తెరిచాడు. డాక్టరు పట్టకారు అందుకోగానే టక్కున నోరు మూసేశాడు. "పీకుడు రేపు సార్. ఎంతసేపు నోరు తెరిచి ఉండగలుగుతనో చూసుకుంటున్న," అన్నాడు. పాపం ఆ డాక్టరుకు నవ్వాలో కోప్పడాలో తోచలేదు.

ఇక బజారులో దుకాణం ఉన్న బాలయ్య కూతురి పెళ్లి సంగతి ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పెళ్లికి ముందు రోజు ఖాజా మియా చుట్టాలందరినీ టేబుళ్ల ముందు కూర్చోబెట్టి ఖాళీ విస్తళ్లు వేయించాడు. వడ్డించేవాళ్లు ఖాళీ గిన్నెలతో, ఖాళీ గంటెలతో వరసగా వడ్డించుకుంటూ పోయారు. ఇంతలో బాలయ్య బావమరిది మల్లన్న విసురుగా లేచి నిలబడ్డాడు. తనకు బగారా అన్నం రెండోసారి వడ్డించలేదట. గిన్నెలో ఉన్నది గాలి. ఆ గాలి తనకు తక్కువ పడిందని అలిగి బయటికి పోయాడు. పెద్దమనుషులు పోయి బతిమాలి తీసుకొచ్చి, ఖాళీ గంటెతో మళ్లీ మళ్లీ వడ్డిస్తే గానీ చల్లబడలేదు. మరునాడు అసలు పెళ్లిలో హడావుడిలో పడి నిజంగానే ఆయనకు వడ్డించడం మర్చిపోయారు. మల్లన్న నోరెత్తలేదు. ఒకే పెళ్లిలో ఎన్నిసార్లని అలుగుతాడు పాపం!

ఈ ట్రయల్ మియా మేడమీది గదిలోకి ఏడాది కిందట అస్మిత అనే నేపాల్ అమ్మాయి అద్దెకు వచ్చింది. బడిపిల్లల కళ్లు పరీక్షించి అద్దాలు ఇచ్చే ఒక సంస్థలో ఏడాదిపాటు జీతం లేకుండా పనిచేయడానికి వచ్చిందామె. వచ్చిన రోజే ఆమె పెట్టెలోని బట్టలన్నీ బయట పెట్టించి, ఖాళీ పెట్టెను మేడమీదికి మోయించి, మెట్లు సరిపోయాయని నమ్మకం కుదిరాక గానీ బట్టలు సర్దుకోనివ్వలేదు ఖాజా మియా. అస్మిత ఆ రోజు భయపడింది. వారం తిరిగేసరికి ఆయన్ను చాచా అని పిలవడం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి వాళ్లింట్లోనే అన్నం తింటూ, వాళ్ల మాదిరిగానే మాట్లాడుతూ, పాలమూరు పిల్లే అయిపోయింది.

అయితే ఆ పిల్ల మనసులో ఒక ముల్లు ఉండిపోయింది. నేపాల్ నుంచి వచ్చిందనగానే ఊరంతా కలిసి ఒక నిర్ణయానికి వచ్చేసింది. ఈమె మంచుకొండల మీద పుట్టింది, కొండలు దాటి బడికి పోయేది, పండగలకు ఎవరెస్టు మీదికి పోయి దండం పెట్టుకుని వచ్చేది! నిజానికి ఆమెది దక్షిణాన జనక్‌పూర్ వైపు మైదానంలోని పల్లె. చాప పరిచినట్టు వరిపొలాలు. ఆ ఊళ్లో అన్నిటికన్నా ఎత్తయినది గడ్డివాము. దాని మీదికి ఎక్కితే కూడా అస్మితకు కళ్లు తిరిగేవి. కొత్తలో ఎవరో ముచ్చటపడి "ఎవరెస్టు ఎక్కినవా?" అని అడిగితే, వాళ్ల సంబరం చూసి కాదనలేక నవ్వి ఊరుకుంది. ఆ నవ్వును ఊరు అవునని రాసుకుంది. ఆ తర్వాత కాదని చెప్పే సందు మళ్లీ దొరకలేదు.

చెప్పలేకపోయిన ఆ మాట కాస్తా చలికాలంలో మెడకు చుట్టుకుంది. ఉప్పునుంతల అవతల నల్లమల అంచున మూడు రోజులపాటు గుట్టలెక్కుతూ దిగుతూ నడవాలని సంస్థవాళ్లు అనుకున్నారు. ఆ సంగతి మాట్లాడుకోవడానికి టెంటు హౌస్ ముందర అందరూ కూర్చున్నారు. కుర్చీలకు కిరాయి లేని చోటు అదొక్కటే మరి. సంస్థ పనులు చూసే నవనీత లేచి, "మన అందరికంటె ముంగట నడిచేది అస్మిత. నేపాల్ పిల్ల ఉండంగ మనకు భయమేంది!" అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

అస్మిత కూడా నవ్వింది గానీ కూర్చున్న కుర్చీని గట్టిగా పట్టుకుంది. గుట్ట మీది నుంచి పడిపోతానన్న భయం కన్నా, ఏడాదిగా ఇంత ప్రేమగా చూసుకున్న వీళ్లు 'ఈ పిల్ల మనకు అబద్ధం చెప్పింది' అనుకుంటారన్న భయమే ఆమెకు ఎక్కువైంది. ఇంకో నెలలో తన ఊరికి వెళ్లిపోవాలి. పోయేముందు ఆ మాట పడాలా?

ఆ సాయంత్రం ఖాజా మియా మెట్ల కింద నిలబడి కేకేశాడు. "బేటీ! డాక్టరు నన్ను రోజు నడవమన్నడు. ఒక్కన్నే పోతె కుక్కలు ఎంబడి పడుతయి. జర తోడు రా."

"వస్త చాచా."

"ఒట్టి చేతులతోని నడుస్తె మోకాళ్లు గట్టిపడయట. బరువు మొయ్యాలెనట. నీ బ్యాగు తెచ్చుకో."

బరువంటే ఆయన దగ్గర ఉన్నవి స్టీలు గ్లాసులే. ఆమె బ్యాగు నిండా గ్లాసులు, ఆయన సంచి నిండా గంటెలు. ఇద్దరూ గణగణలాడుతూ బజారులో నడుస్తుంటే ఇద్దరుంటే వెంటపడవనుకున్న కుక్కలు కూడా వెంటపడ్డాయి.

"ఏంది మియా, ఎవరి పెండ్లి?" అని బాలయ్య దుకాణంలోంచి అరిచాడు.

"పెండ్లి గాదు బాలయ్యా, ట్రయల్!"

ఊరు ఇంకేమీ అడగలేదు. ఆ ఒక్క మాట చెబితే ఆయనను ఎవరూ ఏమీ అడగరు. ఇంకో రోజు మేడమీద పెళ్లికి వేసే షామియానా వేసి, నేల మీద పడుకునే ట్రయల్ చేయించాడు. దానికింద అస్మిత ఒక్కతే పడుకుంటే తప్పిపోయిన పెళ్లికూతురిలా ఉందని ఖతీజాబీ కడుపు పట్టుకుని నవ్వింది.

ఆ తర్వాత ఊరి పక్కన, పైన పాత కోట ఉన్న ఖిల్లా గుట్ట. మొదటి రోజు బండల మెట్లు ఇంకా సగం కూడా కాలేదు. అస్మిత కిందికి చూసింది. కాళ్లు వణికాయి. నోరు తెరిచి ఏదో అనబోయింది. ఆమె కన్నా ముందే ఖాజా మియా గోడను కరుచుకుపోయాడు.

"యా అల్లా! నా మోకాళ్లు! తల గిర్రున తిరుగుతున్నది! కూసో బేటీ, నువ్వు కూసుంటెనే నేను కూసుంట!"

అస్మిత తన భయం మర్చిపోయి ఆయన్ను పట్టుకుంది. "ఏం గాదు చాచా. కిందికి చూడకున్రి. నా చెయ్యి పట్టుకోన్రి."

మరునాడూ అంతే. ఆమె కాళ్లు ఎక్కడ వణికితే సరిగ్గా అక్కడే ఆయన మోకాళ్లు పట్టేసేవి. గుట్టను తిట్టేవాడు, గుట్ట మీద కోట కట్టినవాళ్లను తిట్టేవాడు, నడవమన్న డాక్టరును తిట్టేవాడు. ఆమె ఓదారుస్తూ, దారి చూపిస్తూ, చేయి అందిస్తూ ఎక్కేది. రోజుకు ఇంకాస్త పైకి. ఒకరోజు ఓదార్చడానికి ఇక మెట్లేవీ మిగల్లేదు. చూస్తే కోట మీద ఉన్నారు. కింద ఊరు, చెరువు, రోడ్డు మీద చీమంత బస్సు. అస్మిత ఆ ఎత్తు నుంచి మొదటిసారి కళ్లు మూసుకోకుండా చూసింది. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

దిగివచ్చాక ఆమె చేసిన మొదటి పని నొప్పుల నూనె కొనుక్కుని వచ్చి ఖతీజాబీ చేతిలో పెట్టడం. "చాచీ, చాచా మోకాళ్లకు రాయున్రి. నా తోటి తిరిగి తిరిగి మస్తు నొప్పులొస్తున్నయి."

"ఎవరి మోకాళ్లకు? ఈయనవా?" ఖతీజాబీ చేటలోని బియ్యం పక్కన పెట్టింది. "మొన్న షామియానా కట్టనీకి కొయ్య మీదికి కోతి ఎక్కినట్ల ఎక్కిండు. చిన్నగున్నప్పుడు ఆ గుట్ట మీదనే మేకలు కాసిండు బేటీ. ఆయనకు మోకాళ్లు ఉన్న సంగతే యాదికుండదు!"

అప్పుడే లోపలికి వస్తున్న ఖాజా మియా ఆ మాట విని వెనక్కి తిరిగాడు గానీ, అస్మిత పరుగున పోయి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"అబద్ధం ఎందుకు చెప్పిన్రు చాచా?"

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఆ దినం నవనీతమ్మ నీ పేరు చెప్పంగనే అందరు చప్పట్లు కొట్టిన్రు. నువ్వు కుర్చీ గట్టిగ పట్టుకున్నవ్. నా జిందగీ అంత కుర్చీలు కిరాయికిచ్చుడే బేటీ. ఖుషీగ ఉన్న మనిషి కుర్చీని పట్టుకోడు."

"మరి మోకాళ్ల నొప్పి?"

"ఇద్దరిల ఒకరు భయపడుతుంటె, రెండో మనిషికి భయపడనీకి తీరిక దొరకదు. అందుకని ఆ పని నేను చేసిన."

అస్మిత నొప్పుల నూనె సీసాను ఖతీజాబీ దగ్గర్నుంచి మళ్లీ తీసుకుంది. దాని మూతను తిప్పుతూ నిలబడింది. తర్వాత మెల్లగా, "గుట్టలు ఎక్కుత చాచా. గని వాళ్లకు నిజం చెప్పకుండ ఎట్ల నడవాలె? అందరి ముంగట ఎట్ల చెప్పాలె?" అంది.

ఖాజా మియా ముఖం వెలిగిపోయింది. "దానికేముంది? ట్రయల్ ఏద్దాం!"

టెంటు హౌస్‌లో వరసలుగా ఖాళీ కుర్చీలు వేశాడు. ఎదురుగా అస్మితను నిలబెట్టాడు. ఆమె గొంతు సవరించుకుని, "నేను ఎప్పుడు కొండ ఎక్కలే," అంది. వెంటనే ఆయన ముందు వరసలో కూర్చుని నవనీతలా నడుం మీద చేయి వేసుకుని, "ఏందీ! నేపాల్ పిల్ల కొండెక్కలేదా!" అన్నాడు. పరుగున చివరి వరసకు పోయి, "మోసం! మోసం!" అని అరిచాడు. అక్కణ్నుంచి మధ్య వరసకు దూకి నోటికి చేయి అడ్డం పెట్టుకుని కిసకిస నవ్వాడు. ఒక్కడే ఊరంతా అయిపోయి, కుర్చీలు తన్నుకుంటూ, చెమటలు కక్కుతూ ఆమెను వెక్కిరించాడు. మొదట అస్మిత కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత ఆయన లుంగీ కుర్చీ మేకుకు తగులుకుని కూలబడేసరికి నవ్వాగలేదు. ఇంతకన్నా ఎక్కువగా ఎవరూ వెక్కిరించలేరని ఆమెకు నమ్మకం కుదిరింది.

నడకకు ముందు జరిగిన మీటింగులో ఆమె లేచి చెప్పేసింది. "మా ఊర్ల కొండలు లేవు, పొలాలే ఉన్నయి. ఎవరెస్టు నేను కూడ ఫోటోలనే చూసిన. మీరు ముచ్చట పడుతుంటె కాదనలేకపోయిన. నాకు ఎత్తంటె మస్తు భయం."

 అందరికన్నా వెనక కూర్చున్న, సంస్థలోనే పనిచేసే సుప్రియ పెద్దగా ఊపిరి వదిలింది. "అమ్మయ్య! అక్కా, నువ్వు ఉరుకుతుంటె నీ ఎనక ఎట్ల రావాలెనా అని తిండి గూడ సయిస్తలేదు నాకు."

"నాకు కూడ!" అని ఇంకెవరో అన్నారు. ఆ తర్వాత ఎవరికెంత భయమో చెప్పుకోవడానికి పోటీ పడ్డారు. నవనీత తల కొట్టుకుని, "నిన్ను అడగకుండ చెప్పుడు నాదే తప్పు. మరి ముంగట నడిచేదెవరు?" అంది.

"నేనే నడుస్త," అంది అస్మిత. "మెల్లగ నడుస్త. భయమైన కాడ ఆగుత. ఎనక వచ్చేటోళ్లకు అది మంచిది గద."

ఈసారి చప్పట్ల మధ్య ఆమె కూర్చున్నప్పుడు చేతులు కుర్చీని పట్టుకోకుండా ఊరికే ఒళ్లో ఉన్నాయి. చివరన నిలబడ్డ ఖాజా మియా మాత్రం చూడ్డానికి వచ్చిన బాలయ్య చెవిలో, "ట్రయల్‌ల ఇంకా మంచిగ చెప్పింది," అని గొణిగాడు.

మరునాడు ఉదయం ఉప్పునుంతల పోయే బండి దగ్గరికి ఖాజా మియా, ఖతీజాబీ సాగనంపడానికి వచ్చారు. అస్మిత ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. చూస్తే కింద ఖాజా మియా భుజం మీది తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంటున్నాడు. మామూలుగా కాదు, వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

"ఏమైంది చాచా? మూడు దినాలే గద! మల్ల వస్త!"

 ఖతీజాబీయే కిటికీ దగ్గరికి వచ్చి చెప్పింది.

"ఇది ట్రయల్ బేటీ. వచ్చే నెల నువ్వు మీ దేశం పోతవు గద. ఆ దినం నీ ముంగట ఏడవకుండ నిలబడాలెనట. అందుకని ఇయ్యాల్నే ఏడ్చి చూసుకుంటున్నడు."

అస్మిత కిటికీలోంచి చేయి చాపి ఆయన తల మీద పెట్టింది. తన కళ్లు కూడా తడిశాయి గానీ, నవ్వే ముందొచ్చింది.

"ట్రయల్ మంచిగ కాలే చాచా. నేను వచ్చినంక మల్ల ఏద్దాం."

"ఎన్నిసార్లు?" అన్నాడు ఖాజా మియా ముక్కు తుడుచుకుంటూ.

"మంచిగ అయ్యేదాంక."

బండి కదిలింది. ఖాజా మియా ఏడుపు ఆపేసి, చేయి ఎంత ఎత్తులో ఊపితే కిటికీలోకి బాగా కనిపిస్తుందో చూసుకోవడం మొదలుపెట్టాడు.