లోర్నా ఇంటి కోసం నేను చెప్పిన దర్శనం

సర్వశక్తిగల దేవునికి స్తోత్రం. పరాయి దేశంలో నన్ను తలెత్తుకునేలా నిలబెట్టినవాడు ఆయన. తుఫానుకు చెక్కుచెదరని ఇంటిని ఒక పేదరాలికి ఇచ్చినవాడు ఆయన. ముందు ఆ మహిమ ఆయనకు చెల్లించి, తర్వాత నా మాటకు వస్తాను.

ఏళ్ల తరబడి ఒక బరువు మోస్తున్నాను. మోస్తున్నానని ఎవరికీ తెలియదు. ఎందుకంటే బయటికి అది కిరీటంలా కనిపిస్తుంది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం మనవాళ్లు విమానాల నిండా సింగపూర్‌లో దిగుతున్న రోజులవి. మేమూ అలాగే వచ్చి సెంగ్‌కాంగ్‌లో ఫ్లాట్ తీసుకున్నాం. ఆదివారాలు పాయా లేబర్‌లో ఒక అద్దె హాల్లో మా తెలుగు సంఘం కూడుకునేది. అక్కడ నాకొక పేరుండేది, నేను మోకరిస్తే జవాబు వస్తుందని. ఎవరి వీసా ఆగినా, ఎవరి బిడ్డకు జ్వరమొచ్చినా ముందు నాకే ఫోన్. ఆ పేరంటే నాకు గర్వం. దాచడమెందుకు, ఇప్పటికీ గర్వమే.

లోర్నా మా ఇంట్లోనే ఉండి పనిచేసేది. ఫిలిప్పీన్స్‌లో వరిపొలాల మధ్య ఒక చిన్న పల్లె ఆమెది. కూతుర్ని అక్కడ తల్లి దగ్గర వదిలి వచ్చింది. మాతోపాటు సంఘానికి వచ్చి వచ్చి మా పాటలూ మాటలూ నేర్చుకుంది, మేడమ్ అనడం మానేసి అక్కా అనడం మొదలుపెట్టింది.

ఒకరోజు ఉల్లిపాయలు తరుగుతూ, తన ఊళ్లో రెండు ఇళ్లు అమ్మకానికి వచ్చాయని చెప్పింది. ఒకటి తల్లి ఇంటి పక్కనే. చిన్నది, రేకుల కప్పు. కొన్న వెంటనే చేరిపోయి, ముందు గదిలో కొట్టు పెట్టుకుని, కూతురి దగ్గరే ఉండిపోవచ్చు. రెండోది రోడ్డు పక్కన, పెద్దది, గోడలు లేచి ఆగిపోయింది. కప్పు లేదు. అది కొంటే స్లాబు పడేదాకా ఆమె సింగపూర్‌లోనే సంపాదించాలి.

"అక్కా, మీరు ప్రేయర్ చెయ్యండి. గాడ్ ఏ హౌస్ చెప్తే అదే కొంటా."

"నీ మనసులో ఏదుంది?"

"నా మనసు చిన్న హౌస్ అంటది, పాపని చూడాలని. మా అమ్మ పెద్దది అంటది. ఆమెకి పక్కింటోళ్ల ముందు స్టైల్ కావాలి!" నవ్వింది. "అక్కా, గాడ్‌కి మా ఊరు తెలుసా? మీరు రోజూ తెలుగే కదా మాట్లాడతారు ఆయనతో."

"ఆయనకన్నీ తెలుసులే. కొన్నాళ్లాగు, అడిగి చెప్తా."

అప్పటికి నాకు ప్రమోషన్ వచ్చింది. రెండో బిడ్డ కడుపులో ఉంది. లోర్నా వెళ్లిపోతే నా ఇల్లేం కావాలి, నా ఉద్యోగమేం కావాలి?

ప్రార్థన చేశానా? మోకరించాను. కానీ అడగలేదు. అడిగితే చిన్న ఇల్లని చెప్తాడేమోనని, ఆయన నోరు తెరవకముందే నేను లేచి వచ్చేశాను.

"కప్పులేని గోడలు చూపించాడమ్మా," అన్నాను. "వాటి మీద వెలుగు కనపడింది."

ఏ వెలుగూ కనపడలేదు.

ఆమె ముఖం ఒక్క క్షణం వాడిపోయింది. తర్వాత "ఆమెన్ అక్కా," అని మళ్లీ పనిలో పడింది. స్లాబు పడేదాకా, గుమ్మాలు కిటికీలు నిలిచేదాకా, నా పిల్లలిద్దరినీ పెంచింది.

చివరికి ఆమె ఊరు చేరిన ఏడాదే పెద్ద తుఫాను వచ్చింది. ఆ చిన్న ఇంటి రేకులు ఎగిరిపోయాయి. చుట్టుపక్కల వాళ్లంతా లోర్నా స్లాబు కింద తలదాచుకున్నారు. కృతజ్ఞత కూడికకు మమ్మల్ని పిలిస్తే వెళ్లాం. పల్లెకు పల్లే వచ్చింది. నాకు ముందు వరసలో కుర్చీ వేశారు. లోర్నా ఏడుస్తూ నా దర్శనం గురించి సాక్ష్యం చెప్పింది. పాస్టరుగారు నన్ను లేవమన్నారు.

అప్పుడైనా నిజం చెప్పవచ్చు కదా? లేచాను. ఆ వెలుగు ఎంత తెల్లగా ఉందో కూడా చెప్పాను. చప్పట్లు కొట్టారు. నా ఒళ్లు పులకరించింది.

కూడిక అయ్యాక లోర్నా పాప గుమ్మం దగ్గర పడి మోకాలు గీరుకుంది. లోర్నా చేతులు చాపింది. పాప ఆ చేతుల పక్కనుంచే పరుగెత్తి అమ్మమ్మను వాటేసుకుంది. చాచిన ఆ చేతులతోనే లోర్నా కుర్చీలు సర్దడం మొదలుపెట్టింది.

నా అబద్ధాన్ని దేవుడు వాడుకున్నాడేమో. అంతమాత్రాన అది ఆయన మాట అవుతుందా? ఆయన నిలబెట్టింది ఇంటిని. పాప బాల్యంలోంచి తల్లిని తీసేసింది నేను. ఆ రెంటినీ ఇన్నేళ్లూ ఒకే సాక్ష్యంలో కలిపి చెప్పుకుంటూ వచ్చాను.

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెప్పాను, ఊపిరి కొంచెం ఆడుతోంది. లోర్నాకు ఇంకా చెప్పలేదు, చెప్పాలి. నాతోపాటు మోకరించండి. నన్ను క్షమించమని అడగవద్దు, అది ఆమె చేతిలో ఉంది. ఆమెకు చెప్పే రోజున తుఫాను మాట మాత్రం సాకుగా నా నోట రాకూడదని ప్రార్థించండి.